ఇటుక మీద మడమ

కోళికోడ్‌లో, మిఠాయి వీధిలో, చీరల కొట్టు.
పొద్దున తొమ్మిదిన్నరకి నిలబడితే
రాత్రి ఎనిమిది దాకా మోకాలు వంచకూడదు.
ఒక స్టూలుంది. అది బొమ్మకి.
నడుము కింద ఏమీ లేని బొమ్మ
పట్టుచీర చుట్టుకుని దర్జాగా కూర్చుంటుంది.

తంకమణి మడమలో మేకు దిగి ఆర్నెల్లు.
మంచం దిగి మొదటి అడుగు వేయగానే
"అమ్మే" అని గోడ పట్టుకుంటుంది.
ఆ చెయ్యి పడే చోట సున్నం నల్లబడింది.

పక్కింటి బియ్యాత్తుమ్మ పొయ్యి దగ్గరికి పిలిచింది.
కాల్చిన ఇటుక. దాని మీద
రైలుపట్టాల పక్క తెంపుకొచ్చిన జిల్లేడాకులు,
చిటికెడు రాళ్లుప్పు, పైన తడిగుడ్డ.
"పెట్టు. తియ్యి. ఊఁ, మళ్లీ పెట్టు.
నీ మడమేగా, కొట్టువాడి సరుకు కాదుగా!"

గుడ్డ చుయ్యిమంది.
ఆవిరి చీలమండ దాకా పాకింది.
తర్వాత గోరువెచ్చని తైలం.
ముసలి బొటనవేలు మడమ గుంటలో
చీకట్లో తాళంచెవి వెతికినట్టు తిరిగి తిరిగి
ఒకచోట ఆగింది.
తంకమణి తిట్టింది. నవ్వింది. కాస్త ఏడ్చింది కూడా.

"ఏడు రాత్రులు రా, తగ్గుతుంది.
మీ షావుకారుకి రాసే తైలం మాత్రం
నా దగ్గర లేదు."

ఎనిమిదో రోజు పొద్దున
బొమ్మని చంకలో ఎత్తుకుని
గోడకి ఆనించింది తంకమణి.
స్టూలు మీద కూర్చుని
చీరలు మడత పెడుతోంది.
షావుకారు కళ్లజోడు సర్దుకున్నాడు.
ఆమె కాలు ఒకసారి కదిలింది,
అలవాటు కొద్దీ.
లేవలేదు.