నెంబరెంత?

హరిపురం జంక్షన్లో, లారీలాగే టీకొట్టు దగ్గర
తామాడ వైకుంఠం మళ్ళీ యుద్ధంలో ఉన్నాడు.
గ్లాసులో టీ చల్లారిపోతోంది, కొండ మీద కాల్పులు వేడెక్కుతున్నాయి.
మొన్న పదకొండు మందిని, నిన్న పధ్నాలుగు మందిని,
ఇవాళ లెక్కపెట్టే తీరిక కూడా లేదు.
జీడిపిక్కల బస్తాల మీద కూర్చున్న కుర్రాళ్ళు
నోట్లో ఈగ దూరినా తెలియకుండా వింటున్నారు.

నేను బెంచీ చివర పేపరు చదువుతున్నాను.
చదువుతున్నట్టు ఉన్నాను.

పద్దెనిమిదేళ్ళు పటాలంలో గుమస్తాని.
తుపాకీ పట్టింది తక్కువ, టైపుమిషను కొట్టింది ఎక్కువ.
అబద్ధం ఎక్కడ కుట్టు వదులుతుందో నా వేళ్ళకి తెలుసు.

టోపీ లేకుండా సెల్యూట్ కొడతాడు వైకుంఠం.
ఉత్త తలకి మా చెయ్యి లేవదు,
లేపితే మోచెయ్యి సిగ్గుపడుతుంది.
మంచు దూదిలా ఉంటుందంటాడు.
దూది సినిమాలో. అక్కడ బుఖారీ పొగకి
పొద్దున్న ఉమ్మితే నల్లగా పడుతుంది.
మూడు రాత్రులు ఒక్కణ్ణే కాపలా కాశానంటాడు.
ఒక్కడేనా? పటాలంలో దొడ్డికెళ్ళినా
పక్కన చెంబుతో ఇంకొకడుంటాడు.
సెలవు మాట మాత్రం ఎత్తడు.
సెలవు ఊసెత్తని సిపాయిని నేనింతవరకూ చూడలేదు.
జనరల్ బోగీలో నల్లపెట్టె మీద కూర్చుని
ఖరగ్‌పూర్ దాకా జోగుతూ,
బరంపురం దాటగానే లేచి
ఇంకా రాని ఊరి కోసం తలుపు పట్టుకు వేలాడటం,
అది కదా యుద్ధం.

"నీ నెంబరెంత, వైకుంఠం?"
ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో.
పెళ్ళిరోజు మరిచినవాణ్ణి చూశాను,
కొడుకు పేరు తడుముకున్నవాణ్ణి చూశాను,
నెంబరు మరిచిన సిపాయిని చూడలేదు.
పెట్టె మీద, పళ్ళెం మీద, మగ్గు అడుగున,
ఆఖరికి చెక్కపెట్టె మీదా అదే.

పొద్దుగూకే వేళకి పిన్నింటి ఆదెమ్మ వస్తుంది,
జీడినూనెకి నల్లబడ్డ వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ.
ఆమె కొడుకు ఢిల్లేసు ఆరేళ్ళ కిందట
జెండా చుట్టుకుని వచ్చాడు.
పెట్టె తెరవద్దన్నారు.

"సివర్న నీల్లు తాగినాడా బావూ?"
"తాగినాడమ్మా. నా ఒళ్ళోనే. నీ పేరే అన్నాడు."
రోజూ అదే ప్రశ్న. రోజూ అవే నీళ్ళు.

ఆమె వెళ్ళిన తర్వాత ఆ రోజు అడిగేశాను.
"నెంబరెంత?"

స్టవ్వు చప్పుడొక్కటే.
కుర్రాళ్ళు నా వైపు, అతని వైపు.
వైకుంఠం చొక్కా గుండీ తడుముకున్నాడు.
"నాలుగొందల పదిహేడు."

మూడంకెలు.
మా నెంబర్లు బారెడు ఉంటాయి.

"సికాకులం స్టేడియంలో బావూ,
ఛాతీ మీద నల్లసిరాతో రాసినారు.
ఆఖరి రౌండుల ఏడంగలుండగా కూలబడిపోనాను.
వారం రోజులు తానం సెయ్‌నేదు."

నవ్వొచ్చు నేను. కుర్రాళ్ళు నవ్వారు కూడా.
కానీ నా వేళ్ళు అప్పటికే బల్ల మీద కొడుతున్నాయి,
నేను చెప్పకుండానే, పాత వాక్యం:
"మీ కుమారుడు బాధ ఎరుగక, క్షణకాలంలో..."
లోయలో పడ్డ బండిలో మూడు రోజులు మూలిగినవాడికీ అదే,
జ్వరంతో పోయినవాడికీ అదే,
కార్బను పెట్టి మూడు కాపీలు, ఒకటి ఫైలుకి.
నా దానికి గుండ్రటి ముద్ర ఉండేది.
అతని దానికి టీగ్లాసు.

మర్నాడు వైకుంఠం మాట్లాడలేదు.
ఆదెమ్మ వచ్చింది, కాసేపు నిలబడింది,
ఎన్నడూ లేంది నా వైపు తిరిగింది.
"నువ్వూ పటాలంల సేసినావు గదా.
నిజింగా తాగినాడా బావూ?"

వైకుంఠం తల ఎత్తాడు.
నేను పేపరు మడిచాను,
మడత మీద మడత,
చదవడానికి ఏమీ మిగలనంత చిన్నగా.