తడిచెయ్యి

భోలక్‌పూర్ సర్కారు బడిల
పద్దెనిమిదేండ్ల సంది వంట జేస్తున్న.
నూటిరవై మందికి బియ్యమెంత, నీళ్లెంత,
సోలతోని కొలిచే పని లేదు,
నా చేతికే ఎర్క.

శివరాత్రికి చలి శివశివ అనుకుంట వోయిన వారం
తొమ్మిదో తరగతి పోరగాండ్లు
తుక్కు దుకాణం నుంచి కూలరు అట్టడబ్బ పట్టుకొచ్చిండ్రు.
ఎల్లేషు నెత్తిమీద బోర్లిచ్చుకొని మోస్తుంటె
డబ్బకే రెండు కాళ్లు మొలిచినట్టుండె.
ఫిర్దౌస్ వాళ్ల అబ్బా దుకాణం అది.
పాత కిటికిల నుంచి ఊడవీకిన అద్దం గూడ ఇచ్చి
"పైసలొద్దు గని పలగ్గొట్టకుండ్రి" అన్నడంట.

పెద్ద డబ్బల చిన్న డబ్బ వెట్టిండ్రు.
నడుమ సందుల పేపర్లు ఉండలు జుట్టి కుక్కిండ్రు,
ఓట్లడిగే మొకాలు, బంగారు గాజులు,
ఎవరిదో పెండ్లి.
బోర్డుకు పూయంగ మిగిలిన నల్లరంగు లోపటికి.
బిర్యాని పొట్లాల వెండికాయితం
కడిగి, ఆరవెట్టి, అరచేతితోని ఇస్త్రీ జేసి మూతకు.
దగ్గరికి వోయి వాసన జూస్తె
ఇంకా దాల్చినచెక్క.

"జంగమ్మవ్వా, దీంట్ల బువ్వ ఉడుకుతది" అన్నది సుభాషిణి.
నవ్విన.
నవ్వితె దగ్గొచ్చింది.
ఆ పిల్ల నా దిక్కు జూసి
కాపీల ఏందో రాసుకున్నది.
నాకు చదువరాదు, ఏం రాసిందో నన్నడగకుండ్రి.

పది గొట్టంగ మిద్దె మీద వెట్టిండ్రు.
నల్ల గిన్నెల మూడు పిడికిళ్ల బియ్యం,
ఇంత పెసరుపప్పు, చిటికెడు పసుపు.
పక్కన కొత్తగ లేసిన ఏడంతస్తుల నీడ
పాక్కుంట పాక్కుంట వస్తుంటె
సుద్దముక్కతోని గీత గీసి
గీతకు ఇవతలికి, ఇంకా ఇవతలికి
డబ్బను జరుపుకుంట ఉన్నరు,
అప్పిచ్చినోని కంట్ల వడకుంట తిరిగినట్టు.

కింద నా పొయ్యి నాది.
సిలిండరు అయిపోయి నెల, బిల్లు రాలె,
కట్టెలు పచ్చివి.
ఊదుతున్న, కండ్లు తుడుచుకుంటున్న,
చెవి మాత్రం మిద్దె మీదనే ఉన్నది.

ఉప్పు డబ్బ వంక వెట్టుకొని పైకెక్కిన.
అద్దానికి లోపట చెమట వట్టింది.
బుడబుడ లేదు, మూత కొట్టుకునుడు లేదు.
నా బువ్వ ఉడికేటప్పుడు నాతోని మాట్లాడ్తది,
ఇది అలిగిన పిల్ల లెక్క కూసున్నది.
"ఎంతున్నది?"
"నూటపది" అన్నడు ఎల్లేషు,
జరమొచ్చిన తమ్మున్ని జూసినట్టు జూస్కుంట.
అంతల ఒక్క మబ్బుతునక.
ఇరవై మొకాలు ఒకటేసారి మాడినయ్.

రెండు గొట్టంగ మూత దీసిండ్రు.
కిచిడి ఒక దిక్కు ముద్దయింది,
ఒక దిక్కు పలుకున్నది.
పలుకున్న దిక్కే నాకు వెట్టిండ్రు, తెల్వక.
నమిలిన.
పొగవాసన లేదు.
ఇది నా చేతి బువ్వ కాదని నాలిక చెప్పింది.
సంబురపడాల్నా?
జర కష్టమనిపిచ్చింది, ఎందుకో.
ఇంకో ముద్ద అడిగి తిన్న.

గిన్నె బయటికి దీసినంక
అలవాటున చెంబుల చెయ్యి ముంచిన,
నిప్పార్పుదామని.
ఏడున్నది నిప్పు?
డబ్బ ఉత్తగున్నది.
పైన చూడబోతె కండ్లు ముయ్యబుద్ధయింది.
తడిచెయ్యి పట్టుకొని గట్లనే నిలవడ్డ.
పిల్లలు నవ్విండ్రు.
ఇగ వాళ్ల మొకాల మీదనే సల్లిన.

మిద్దె మీద వడ్డ నాలుగు చుక్కలు
నేను జూస్తుండంగనే
అవే ఆరిపోయినయ్.