బండికి నుదురు

అరవై దాటితేనే వచ్చేది ఆ జబ్బు.
చిత్తూరు సందుల్లో ఏమీ లేదు,
మార్కెట్టు రద్దీలో మేకపిల్ల మాదిరి
నేను పొమ్మన్న తావుకు పొయ్యేది.
పూతలపట్టు దాటి పెద్ద రోడ్డెక్కి
ముల్లు డెబ్బై కాడ నిలబడినాక
సరిగ్గా పది నిమిషాలకు
దగ్గేది.
ఒకసారి. మళ్ళా ఒకసారి.
యాక్సిలేటరు తిప్పేకొద్దీ బలం తగ్గేది,
బతిమాలేకొద్దీ బిగుసుకునే మనిషి మాదిరి.
ఎనక లారీ హారను. పక్కన కంకర.
కాలు కింద పెట్టేటప్పటికి
సద్దు లేకుండా చచ్చిపొయ్యేది.

రెండు నిమిషాలాగి కిక్కు కొడితే
ఏమీ జరగనట్టు లేచేది.
అదీ నాకు కోపం.

సీటు ఎనక ఐసుపెట్టెలో
నలభై రెండు మంది నెత్తురు.
పదకొండు లోపల తిరుపతి ల్యాబుకు చేర్చాల.
ఎవరి చక్కెరో, ఎవరి కామెర్లో,
ఎవురు నెల తప్పినారో
మామిడితోటల కాడ నాతోపాటే
ఎండలో నిలబడి ఎదురుచూసేవి.

ప్లగ్గు మార్చినా.
కార్బురేటరు విప్పదీసి కడిగించినా,
జెట్టులో వెంట్రుక కూడా లేదన్నారు.
పైపు కొత్తది, ఫిల్టరు కొత్తది,
పెట్రోలు బంకు కూడా మార్చినా.
కాయిలు కాగతా ఉందని ఒకడు.
"బండి కాదన్నా, నీ చెయ్యే బరువు" అని ఇంగొకడు.
పన్నెండు వందలు పోయినాయి.
దగ్గు పోలా.

గాదంకి టోల్‌గేటు దాటినాక ఆ పొద్దు
మళ్ళా ఆగింది.
పంచరు కొట్టు రేకుల కింద
చెంగల్రాయులు ట్యూబును తొట్లో ముంచి
బుడగల కోసం చూస్తా ఉండాడు.
తల ఎత్తకుండానే అడిగినాడు,
"ఎంతలో పోతా ఉంటే?"
"డెబ్బైలో."
"ఆగితే మళ్ళా లేస్తాదా?"
"లేస్తాది."
"ట్యాంకు నిండుగా ఉంటే బిన్నా వస్తాదా, సగమైతేనా?"

ఆ మాట నన్నెవురూ అడగలా.
నిండుగా ఉంటేనే, అన్నా.
తడిచేతులు లుంగీకి తుడుచుకోని
"తాళంచెవి ఇయ్యి" అన్నాడు.

మూత తిప్పినాడు.
ఉస్స్‌స్‌...
నీళ్ళల్లో మునిగి లేచిన పిల్లోడు
పీల్చుకున్నట్టు
అంత పొడుగు ఊపిరి.

"పెట్రోలు కిందికి దిగాలంటే
దిగినంత తావులోకి గాలి రావాల గదా సామీ.
నిదానంగా పోతే ఎట్నో సందు చేసుకుంటాది.
నువ్వు తరిమితే
యాడినించి తెస్తాది?"

మూత తిరగేసి చూపించినాడు.
గుండుసూది పట్టేంత బెజ్జం.
దాన్నిండా పసుపు.
పసుపు మీద గంధం, గంధం మీద కుంకం,
ఏడు ఆయుధపూజలు
పొర మీద పొర ఎండి రాయైపోయినాయి.

మా దేవసేన పెట్టే బొట్టు అది.
మూడేండ్లప్పుడు నేనే ఎత్తి పట్టుకుంటే
"బండికి నుదురు యాడుంది నాయనా" అని అడిగింది.
ఈడ, అని
మూత మీద వేలు పెట్టి చూపించింది నేనే.

దినమంతా బెజ్జాలు మూసే మనిషి
మొలతాడుకున్న పిన్నీసు తీసి
ఈ ఒక్కదాన్ని తెరిచినాడు.
పసుపు పలుకులు పలుకులుగా రాలింది.
నోరు పెట్టి ఊది, పక్కకు ఉమ్మేసి,
ఎంతియ్యాలంటే
"ఊదినందుకు దుడ్లేంది" అని
మళ్ళా ట్యూబు కాడికి పోయినాడు.

చంద్రగిరి కాడ ముల్లు ఎనభై ముట్టింది.
దగ్గు లేదు.
ఎనక గాజుబుడ్లు మటుకు
ఒకదానికొకటి తగిలి గలగలమంటా ఉండాయి.
ల్యాబులో పాప గోడ గడియారం చూపించింది.
పదకొండుంబావు.
రెండు బుడ్లు పనికిరావనింది.
ఎవరివో, పేర్లు చదివేదానికి
నాకు ధైర్యం చాల్లా.

వచ్చే పూజకు దేవసేనకి పదేండ్లు.
ఈసారి హెడ్‌లైటు పైన చూపించాల, నుదురని.
ఇన్నేండ్లు అక్కడ కాదా, అంటే
ఏం చెప్పాలో
ఇంకా అనుకోలా.