కొలతకు తెచ్చిన చెయ్యి

ముప్పై రెండేళ్ళుగా నా పని ముఖాలు.
గోరేగావ్‌లో ఏ ఫ్లోరుకెళ్ళి అడిగినా
దత్తారామ్ పెడ్నేకర్ పెట్టె ఎక్కడుందో చూపిస్తారు.
అందులో డబ్బాలకు పేర్లుండవు, అంకెలుంటాయి.
ఇరవై ఒకటి హీరోయిన్.
ఇరవై నాలుగు హీరోయిన్ చెల్లెలు.
ఇరవై ఏడు స్నేహితురాలు, ఆ నవ్వించే అమ్మాయి.
ముప్పై ఒకటి పనిమనిషికి, దొంగకి,
ఇంటర్వెల్ లోపు చచ్చిపోయేవాడికి.
నా ముఖమూ ముప్పై ఒకటే.
మా అద్దం ఎప్పుడూ ఎదుటివాళ్ళ వైపే తిరిగి ఉంటుంది కనక
ఆ సంగతి పెద్దగా పట్టించుకోలేదు.
ఆ పై అంకె డబ్బా ఒకటి ఎప్పుడో కొన్నాను,
సీలు తియ్యకుండానే బీటలు వారింది.

ఆ ఏడు కచ్ రణ్‌లో షూటింగు.
ఉప్పుమళ్ళలో పనిచేసే పిల్ల కథ.
హీరోయినేమో పాలమీగడ.
"నిజంగా ఉండాలి దాదా, ఎండకు కాలినట్టు"
అన్నాడు దర్శకుడు.
ఎంత కాలినట్టు, అన్నాను.
చుట్టూ చూసి, దంతెతో ఉప్పు లాగుతున్న పిల్లను
వేలితో చూపించాడు.
"అంత."

ఝమ్కు.
పంతొమ్మిదేళ్ళుంటాయేమో, తనకే తెలీదు.
పంపుసెట్టు నీడలో కుర్చీ వేశాం,
కుర్చీ హీరోయిన్‌కి.
ఝమ్కు నిలబడి చెయ్యి చాపింది
గాజులవాడి ముందు చాపినట్టు.
కలిపాను. కాస్త ఎరుపు, కాస్త పసుపు,
చాలలేదు. ఇంకా ఏదో కావాలి.
చిటికెడు నీలం.
ఆ నలుపులో నీలం ఉందని
ఇన్నేళ్ళ పనిలో నాకు ఆరోజే తెలిసింది.

చెమటకి రోజుకు ఆరుసార్లు రంగు కరిగేది.
ఆరుసార్లూ ఒకటే కేక:
"చెయ్యిని పిలవండి!"
పేరు అడిగింది నేనొక్కణ్ణే,
అదీ నాలుగో రోజు.

కెమెరామన్ మురిసిపోయాడు.
ఉప్పునేలే పెద్ద రిఫ్లెక్టరట,
కిందినుంచి వెలుగు లేచి
గడ్డం కింది నీడలన్నీ చెరిపేస్తుందట,
కోట్లు పోసినా ఇట్లాంటి లైటు దొరకదట.
ఝమ్కు ముఖం మీద ఆ లైటు
ఏటా ఎనిమిది నెలలు పడుతూనే ఉంది.

ఆఖరి రోజు దూదీ కొబ్బరినూనే పట్టుకుని
రంగు దించాను.
దించేకొద్దీ హీరోయిన్ బయటికొచ్చింది.
"హమ్మయ్య, మళ్ళీ నేను నాలా ఉన్నా" అంది అద్దంతో.
చెడ్డపిల్లేం కాదు,
పోతూ పోతూ తన చలవ కళ్ళద్దాలు ఝమ్కుకు ఇచ్చింది.

బకెట్ నిండా గోధుమరంగు దూది ఉండలు.
ఝమ్కు ఒకటి తీసి మోచేతికి రాసుకుంది.
ఏమీ కనపడలేదు.
మళ్ళీ రాసింది.
కనపడలేదు.
అంత కచ్చితంగా కలిసింది రంగు.
ఏం దాచను, నాకు గర్వమేసింది.

"మరి నాది దేంతో దిగుతుంది, దాదా?"
ఎగతాళో, నిజంగానే అడిగిందో
ఇప్పటికీ తెలీదు.
కళ్ళద్దాలు పెట్టుకుని ఉంది అప్పటికే.

ఓచర్ నేనే రాశాను.
స్పాంజీలు పన్నెండు. దూది రెండు కేజీలు.
షేడు సాంపిల్ ఒకటి, రోజుకు రెండు వందలు.

తర్వాత అంధేరీలో, ఏసీ గదిలో,
ముఖం మరీ నల్లగా ఉందని నిర్మాత బెంగపడితే
కంప్యూటర్లో రెండు పాయింట్లు తేల్చారు.
తెరమీద పడింది ఎవరి రంగూ కాదు.
హీరోయిన్‌కి అవార్డొచ్చింది.
సాహసం అన్నారు.

మిగిలింది సీసాలో పోసుకున్నాను.
ఏ అంకె వెయ్యాలో తోచక
మూత మీద ఝమ్కు అని రాశాను.

నిన్న ఒక కుర్ర దర్శకుడొచ్చాడు.
మురికివాడ కథట. అమ్మాయి సిమ్లా పిల్ల,
బుగ్గ గిల్లితే ఎర్రబడుతుంది.
"నిజంగా ఉండాలి దాదా" అన్నాడు.
పెట్టె తెరిచాను.
అసిస్టెంటు సీసా ఎత్తి చూసి
ఇదేం నంబరు, అన్నాడు.
చెప్పలేదు.
మూత బిగుసుకుపోయింది, ఉప్పు పట్టినట్టు.
రుమాలు చుట్టి
గట్టిగా తిప్పాను.