పిట్టల్ని అడగడం

రోములో, ఓస్తియెన్సే రోడ్డు వెనక సందులో
మూతపడ్డ గాజు ఫ్యాక్టరీ గోడనానుకుని
కొత్త లైబ్రరీ. రేపు పదకొండింటికి ప్రారంభోత్సవం.
ఈ రాత్రి పని నేవియోది:
పిట్టల్ని తరమాలి.

తెల్ల ప్లాస్టిక్ తొడుగు, మెడలో మైకు,
కళ్ళద్దాల మీద అప్పుడే రెండు చుక్కల రెట్ట.
నవంబరు వచ్చిందంటే ఉత్తరం నుంచి దిగుతాయి
మన గోరింకకి చుట్టమయ్యే చుక్కల పిట్టలు.
స్తోర్ని అంటారక్కడ.
లక్షో, పది లక్షలో, ఎవరు లెక్కపెట్టొచ్చారు గనక.
సందె వేళ ఆకాశాన్ని పిండిలా మడిచి, సాగదీసి, మళ్ళీ మడిచి
ఉన్నట్టుండి చెట్ల మీద కుమ్మరిస్తాయి.
పొద్దున్నకి మెట్లన్నీ సున్నం.
ఉపమేయరు గారి బూట్లు ఆ మెట్లే ఎక్కాలి.

నేవియో మీట నొక్కాడు.
మైకులోంచి ఒక పిట్ట అరిచింది,
డేగ గోళ్ళలో చిక్కినప్పటి అరుపు.
చెట్టు చెట్టంతా లేచిపోయింది.

బయల్దేరే ముందు, పప్పు సూపు చల్లారుతుంటే
కూతురు ఇలేనియా లాటిన్ పుస్తకం లోంచి తల ఎత్తకుండా
"నాన్నా, ఇనాగురాత్సియోనే అంటే ఏంటో తెలుసా?" అంది.
"రిబ్బను, ఉపన్యాసం, కాగితం గ్లాసులో చవక వైను."
"కాదు. పిట్టల్ని అడగడం."

కొండ మీద ఒకాయన దక్షిణం వైపు తిరిగి కూచునేవాడట,
కొన వంకీ తిరిగిన కర్రతో
ఆకాశంలో ఒక చదరం గీసేవాడట.
ఆ చదరంలోకి ఏ పిట్ట, ఎటునించి, అరుస్తూనా, ఊరకనా...
చూసి, చెప్పేవాడు: సరే, మొదలెట్టండి.
లేదా, ఇవాళ వద్దు, ఇంటికి పోండి.
సైన్యాలు కూడా పోయేవట ఇంటికి.
మనకి ఎడమంటే పెడ.
వాళ్ళకి ఎడమ చేతివైపు తూరుపు, అంచేత ఎడమే మేలు.
ఆయన పేరు ఔగుర్. ఆ పేరులో ఉన్నది పక్షి అని కొందరు,
పక్షి కాదు, పెంపు అని కొందరు.
"పరీక్షలో రెండూ రాస్తా" అంది ఇలేనియా.

(ఇది రాస్తున్న నా భాషలో కూడా
శకునమంటే ముందు పిట్టే.
నిఘంటువు తెరిస్తే ఇంకా అక్కడే వాలి ఉంది,
మనమే ఆ కొమ్మ వైపు చూడటం మానేశాం.)

రెండింటికి, మూడింటికి, నాలుగింటికి
మీట నొక్కుతూనే ఉన్నాడు.
అవే నాలుగు క్షణాల అరుపు.
ఎప్పుడో, ఏ ఊళ్ళోనో నిజంగా అరిచిన ఒక్క పిట్టది.
ఆ తర్వాత అది బతికిందా అని ఓసారి
సూపర్‌వైజర్ ఓరెస్తేని అడిగాడు.
ఓరెస్తే నవ్వి, సంతకం పెట్టమని కాగితం తోశాడు.

అడగాల్సిన వాళ్ళనే తరిమేసి
వాళ్ళ పేరుతో పండగ, అనుకున్నాడు నేవియో.
అనుకుని, మళ్ళీ నొక్కాడు. జీతం జీతమే.

పదకొండూ ఇరవైకి రిబ్బను తెగింది.
ఎర్సిలియా తెల్లారగట్ట మూడుసార్లు కడిగిన మెట్ల మీద
ఉపమేయరు బూట్లు తళతళ.
"ఔగూరి! ఔగూరి!" అన్నారందరూ, శుభం శుభం అని,
నోట్లో పిట్ట ఉన్న సంగతి ఎవరికీ తట్టకుండా.
వెనక వరసలో నిలబడి కునుకుతున్న నేవియో
అలవాటు కొద్దీ పైకి చూశాడు.
రెండు మేడల అంచులూ, కరెంటు తీగా, చెట్టు కొమ్మా కలిసి
గీసిన చదరం.
అందులో ఏమీ లేదు.
ఔననలేదు. కాదనలేదు.

ఇంటికొచ్చి తొడుగు నీళ్ళ బకెట్లో ముంచుతుంటే
బడి సంచీ భుజానుంచి దించకుండానే ఇలేనియా అడిగింది,
"ఏమన్నాయి నాన్నా?"

నేవియో గడియారం చూశాడు. నాలుగున్నర.
కిటికీ అవతల, ఇంకా దూరంగా,
ఆకాశం ఒక మూల కొంచెం నల్లబడుతోంది.

"సాయంత్రం వస్తాం అన్నాయి."