వాగు దాటేటప్పుడు

దాని పేరు గోను అని టీవీల చెప్పిండ్రు.
రూముల అందరికన్న ముందు నవ్వింది నేనే.
మా దిక్కు గోనె అంటె సంచి.
వడ్లు పోస్తం, ఉల్లిగడ్డ పోస్తం,
చలికి తట్టుకోలేనోడు కప్పుకుంటడు.
సంచికి ఎవడన్న భయపడ్తడా?

ఎర్రన్న నవ్వలే.
వాసుపల్లి ఎర్రన్న, కళింగపట్నం కాడి మనిషి.
మస్కట్ల తాపీ పట్టి పన్నెండేండ్లయినా
ముక్కు ఇంక పడవ మీదనే ఉన్నది.
డాబా ఎక్కి గాలిని వాసన చూసిండు.
"తిరగబడిపోనాది బావూ,
నీ బండి మెరక మీదకి తోలీ,
బక్కెట్లన్నిట్ల మంచినీళ్లు పట్టీ."

మంచినీళ్లు నాకు చెప్తుండు!
రెండు వేల గ్యాలన్ల నీలి ట్యాంకరు నాది.
మొగులు మొకం చూడని దేశంల
ఇంటింటికి నీళ్లు మోసే పోస్ట్‌మాన్‌ను.
అయినా పోరు పడలేక
గుట్ట మీది మసీదు పక్కకు తోలి పెట్టిన.

జూన్ ఆరు.
సంచి మూతి విప్పిండ్రు.
బోడి కొండలు, గడ్డిపోచ లేదు పట్టుకుందామంటె,
పడ్డది పడ్డట్టే కిందికి తోలినయి.
ఊరి నడుమ వాగున్నదని
ఆ పొద్దు ఎర్కయింది నాకు.
రోజు నేను బండి ఆపే జాగనే అది.
వాదీ అంటరు ఇక్కడోళ్లు,
మేం పార్కింగ్ అనుకున్నం.
నీళ్లకు మాత్రం వాటి తొవ్వ యాదికున్నది.

కార్లు ఒకదాని మీదికొకటి ఎక్కినయి
సంతల మేకల లెక్క.
ఒక ఫ్రిజ్జు పోయింది
తలుపు తెరుస్త, మూస్త,
ఇంట్లోళ్లను పిలుస్తున్నట్టు.

రఫీకుల్ సైకిల్ కోసం దిగిండు.
సిల్హెట్ పోరడు, వరద నీళ్లల్ల పెరిగినోడు.
మోకాళ్ల లోతే గదా అన్నడు.
అన్నప్పుడు మోకాళ్ల లోతే.

తాడు మీద ఆయన పనిబట్టలు
క్లిప్పులను వదల్లే ఆ గాలికి గుడ.
మూడోనాటికి మంచిగ ఆరినయి.
ఎవ్వలం తియ్యలే.

తెల్లారి ఎండ, ఏమెరుగనట్టు.
ఊరంత బురద నీళ్లు,
నల్లాల చుక్క లేదు.
సముద్రాన్ని కాచి తీపి చేసే కార్ఖాన ఆగిపోయింది.
సేటు ఫోన్ల రేటు చెప్తుండు,
పొద్దున ఒకటి, పగటీలి ఒకటి.
బండి ఆపితే చాలు బిందెలు, డబ్బాలు, పెండ్లి దేక్సాలు,
ఒక పెద్దమనిషి పిల్లల స్నానపు టబ్బు ఎత్తుకొచ్చిండు.
మా ఊర్ల బోర్లు ఎండిన ఏడాది
బిందెకు బిందె తగిలిన చప్పుడే ఇదంత.
అప్పుడు నేను లైన్ల ఉంటి.

షంసా అనే ముసలామె
కావా పోసే జగ్గు పట్టుకొని వచ్చింది.
ఇంట్ల మిగిలిన గిన్నె అదొక్కటే.
కిటికీల దాక బురద గీత ఉన్నది గోడకు.
నింపిన. ధర అడగలే, నేను చెప్పలే.
నిలబడే తాగింది, గటగట.
అడుగున మిగిలిన గుక్కెడు
వాకిట్ల నిమ్మచెట్టు మొదట్ల పోసింది.
మొన్న కొమ్మల దాక మునిగిన చెట్టే అది.

ఆ పూట సేటుకు లెక్క తక్కువ చెప్పిన.
ఎంత తక్కువో ఇప్పుడు గుడ చెప్ప.

ఏండ్లయింది.
వాగుల మళ్ల కార్లు పెడ్తుండ్రు.
శుక్రారం చేపలకు పోయినప్పుడు
అడ్డం పడి దాటుతం నేనూ ఎర్రన్న.
గులకరాళ్లు, దుమ్ము, పోరగాండ్ల ఫుట్‌బాల్.
ఎర్రన్న ఒడ్డుమీద ఆగుతడు,
రోడ్డు దాటే మనిషి లెక్క
కొండ దిక్కు మెడ తిప్పి చూస్తడు.
నేను గుడ చూస్త.
"ఏటీ నేదు, రా" అంటడు.

అప్పుడు దిగుతం.