దబ్బనం

చండూరుకెల్లి మర్రిగూడ పోయే పల్లెవెలుగుల
ఏడేండ్ల సంది టికెట్లు కొడుతున్న.
పొద్దుగాల బస్సెక్కంగనే నోరు తెరుస్త,
రాత్రి డిపోల క్యాష్ కట్టినంక మూస్త.
"జరుగుండ్రి, లోపటికి జరుగుండ్రి,
ఆధార్ తియ్యిండ్రి, చిల్లరుంటే ఇయ్యిండ్రి"
నా మాటలన్నీ ఇంతే పొడుగు.
అండ్ల ఒక్కటి గూడ ఎవ్వరి కాడ ఆగేది కాదు.

మంచిదాన్నే అనుకునేదాన్ని.
ఎవరి పైస తినలే, ఎవరినీ నడిమిట్ల దింపలే.
పత్తి ఏరవోయే ఆడోళ్లకు జీరో టికెట్
మొఖం మాడ్చుకునే కొట్టేదాన్ని,
కానీ కొట్టేదాన్ని.

లెంకలపల్లి కాడ బుచ్చిరాములు తాత ఎక్కుతడు.
బోరునీళ్లు బొక్కలల్ల దిగి
నలభై ఏండ్ల కిందనే వంచినయంట ఆయన్ని.
పొట్టి దర్వాజ దాటేటప్పుడు తలకాయ వంచుతం జూడు,
ఆ వంగుడులకెల్లి ఆయన మళ్ల లేవలే.
బస్సు బోర్డు కానరాదు.
ఇంజన్ చప్పుడు పట్టి బస్సును గుర్తువడతడు,
కాళ్లు పట్టి మనుషులను.

ఏడేండ్లు నేను ఆయన వీపుతోనే మాట్లాడిన.
"ఏడికి?" అని వీపునే అడిగిన.
పింఛన్ పైసలల్ల నోటు భుజం మీదికెల్లి గుంజుకున్న,
టికెట్ ఆయన వేళ్ల సందుల కుక్కిన.

మొన్న కార్తీకంల ఒకనాడు
బస్సు కిక్కిరిసి ఉంది, బత్తాయి సంచులు కాళ్లకు అడ్డం.
పది రూపాయల కాడ ఎవడో నన్ను
అనరాని మాటన్నడు.
కండ్లల్ల నీళ్లు తిరిగినయి.
ఎవరూ చూడలే.
అందరి చూపు నా చేతిల మిషన్ మీదనే.

బానెట్ పక్కన, కిందికెల్లి, సన్నటి గొంతు:
"బిడ్డా, నీ ఎడమ చెప్పు పట్టి తెగింది.
నిన్న గూడ ఈడ్చుకుంటనే నడిస్తివి.
పడతవు."

రొండిలకెల్లి దబ్బనం తీసిండు,
గోనె సంచులు కుట్టే దబ్బనం, ఇంత సుతిలి.
నేను వద్దనే లోపటనే
కాలు ఆయన ఒడిల ఉంది,
రెండు కుట్లు పడ్డయి.
అద్దంల చూసిండేమో మక్సూద్ భాయ్,
గుంతల కాడ బండిని
నిండు కుండ మోసినట్టు మోసిండు.

అప్పుడు వంగిన. మోకాళ్ల మీద కూసున్న.

అక్కడ ఒక మొఖం ఉంది.
కనుబొమ్మ మీద పుట్టుమచ్చ,
సక్కగ గీసుకున్న గడ్డం.
అద్దం నేల మీద పెట్టుకుని గీసుకుంటడేమో
అని తట్టింది నాకు.
ఏడేండ్లల్ల తట్టని సంగతి.
"నీ పేరేంది బిడ్డా," అన్నడు,
"చెప్పులే ఎరుక నాకు."

ఆనాటి సంది మారిపోయిన అంటే అబద్ధం.
నిన్ననే కాలేజీ పోరన్ని కసిరిన,
ఒక ముసలామెకు ఐదు రూపాయలు బాకీ పెట్టి
దిగినంక యాదికొచ్చి
బస్సు మలుపు తిరిగేదాక కిటికీలకెల్లి చూసిన.

కానీ లెంకలపల్లి రాంగనే వంగుతున్న.
కొన్ని దినాలు మరిచిపోతా,
రెండడుగులు దాటి మళ్ల ఎనుకకొచ్చి వంగుతా.
నడుము నొస్తది. అలవాటు లేని పని.
కిందికెల్లి చూస్తే మన బస్సు వేరే తీరుంటది:
పగిలిన మడిమలు, మెట్టెలు తీసేసిన వేళ్లు,
సీటు అందక ఊగే చిన్నపోరి కాళ్లు,
ఒక కాలు ఇంకో కాలు మీద దాచుకున్న సిగ్గు.
లేచి నిలబడ్డంక
ఆ కాళ్లు ఎవరివో ఎతుక్కుంట,
టికెట్ కొట్టేటప్పుడు
గొంతు కొంచెం తగ్గుతది, నాకు తెల్వకుండనే.

"కొత్త చెప్పులు కొనలేదా బిడ్డా," అని
మొన్న మళ్ల అడిగిండు తాత.

కొనలే.
ఆ కుట్టు ఇంక గట్టిగనే ఉంది.